ఆగే బండికీ ఒక టైము కావాలి

కిందటి నెలలో అన్నవరం వెళ్లాను. మా పెదనాన్నగారి మనవడికి పెళ్లయింది, కొత్త దంపతుల చేత వ్రతం చేయిస్తున్నారు. కడియంలో పొద్దున్నే పాసింజరు బండి ఎక్కాను. సుమారు ఎనభై కిలోమీటర్ల ప్రయాణం. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, కాళ్ల దగ్గర రెండు పూలబుట్టలు, వాటి మీద తడి గోనె. కడియపులంకలో తెల్లవారుజామున పూలు కొని తెచ్చి అన్నవరం కొండ కింద అమ్ముతుందట. పొద్దుటి వ్రతాలవాళ్లు కొండెక్కేలోపు అక్కడ ఉంటేనే ఆమెకు నాలుగు డబ్బులు.

సగం దారిలో ఒక చిన్న స్టేషన్లో మా బండిని మెయిన్ లైన్ తప్పించి పక్క పట్టాల మీద, లూప్‌లో పెట్టారు. మొదట ఒక సూపర్‌ఫాస్ట్ వెళ్లింది. ఆ గాలికి ప్లాట్‌ఫాం మీది ఎండుటాకులు లేచి కిటికీల్లోంచి మా ఒళ్లో పడ్డాయి. ఇప్పుడు వదులుతారనుకున్నాం. వదల్లేదు. బొగ్గు గూడ్సు వెళ్లింది. ఎదురుసీట్లో కాలేజీ కుర్రాడు వ్యాగన్లు లెక్కపెట్టి యాభై ఎనిమిది అన్నాడు. తర్వాత ఇంకో ఎక్స్‌ప్రెస్. మొత్తం నలభై ఏడు నిమిషాలు. కుర్రాడు లేచి తలుపు దగ్గరికి వెళ్లి సిగ్నల్ చూసి వస్తున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. ఆమె మాత్రం గోనె ఎత్తి పూల మీద కాసిని నీళ్లు చిలకరించి, మళ్లీ కప్పి, ఊరికే కూర్చుంది.

నేనే ఉండబట్టలేక, "రోజూ ఇంతేనా అమ్మా?" అన్నాను.

"మనది ఆగే బండి బాబూ. వెళ్లే బండ్లని వెళ్లనివ్వాలి కదా."

ఆమె కోపంగా అనలేదు. వానాకాలంలో వాన పడుతుంది కదా అన్నట్టుగా అంది. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆగే బండి, వెళ్లే బండి అని రెండు జాతులున్నాయని, ఒకటి ఇంకోదానికి దారి ఇవ్వడం ప్రకృతి ధర్మమని మనందరం ఎప్పుడు ఒప్పుకున్నాం? నెల రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. నాకు తేలింది ఇది: ఆగే బండి ఆగడంలో తప్పు లేదు. కానీ ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో ముందే రాసి ఉండాలి. రాసిన దాన్ని ఎక్స్‌ప్రెస్ టైమును కాపాడినంత గట్టిగా కాపాడాలి.

రెండు లైన్ల మీద ఇన్ని బండ్లు

ముందు ఆ స్టేషన్ మాస్టరు తరఫున మాట్లాడాలి. నలభై ఏడు నిమిషాలు మమ్మల్ని నిలబెట్టింది ఆయన మనసు కాదు, లెక్క.

అరవై కిలోమీటర్ల దూరం తీసుకోండి. 120 వేగంతో పోయే బండికి అరగంట పడుతుంది. ప్రతి ఊళ్లో ఆగుతూ సగటున 40 వేగంతో పోయే బండికి గంటన్నర. అంటే ఎక్స్‌ప్రెస్ కంటే గంట ముందు పాసింజరును వదిలితే, అరవై కిలోమీటర్ల చివర ఎక్స్‌ప్రెస్ దాని వెనకాలే వచ్చేస్తుంది. ఆ గంట ఖాళీ దొరకకపోతే పాసింజరును మధ్యలో పక్కకు తియ్యాలి. తీసిన తర్వాత మళ్లీ మెయిన్ లైన్ ఎక్కించాలంటే వెనక ఇంకో ఎక్స్‌ప్రెస్ దగ్గరపడి ఉండకూడదు. అన్నీ ఒకే వేగంతో వెళ్తే ఒక లైన్ మీద ఎన్నో బండ్లు పడతాయి. వేగాల మధ్య తేడా పెరిగే కొద్దీ పట్టే బండ్లు తగ్గుతాయి. కొత్తగా ఒక వేగం బండి వేసినప్పుడల్లా అది తన చోటుతో పాటు తన ముందున్న చోటు కూడా తింటుంది. ఆ చోటు ఎవరిదో చెప్పక్కర్లేదు.

పైగా ఇది దేశంలోకెల్లా ఒత్తిడి ఉన్న దారుల్లో ఒకటి. మన రైలు మార్గాల మొత్తం పొడవు 68 వేల కిలోమీటర్ల పైచిలుకు. అందులో ఢిల్లీ, ముంబై, చెన్నై, హౌరాలను చతురస్రంగా, మూలమూలకీ కలిపే మార్గాలు దాదాపు ఆరో వంతు. దేశంలోని రైలు రద్దీలో సగానికి పైగా మోసేది ఈ ఆరో వంతే. వాటిలో రెండు, హౌరా-చెన్నై, ఢిల్లీ-చెన్నై, విజయవాడలో కలుస్తాయి. బెంగాల్ నుంచి కేరళకు వలస పోయే కూలీ, ఢిల్లీ నుంచి తిరుపతి వచ్చే భక్తుడు, సింగరేణి బొగ్గు, విశాఖ ఉక్కు, గోదావరి జిల్లాల బియ్యం, అన్నీ ఆ ఇరుకు గొంతులోంచి దిగాల్సిందే.

ఇదంతా ఒకేసారి గీసి కట్టిన బొమ్మ కాదు. 1889లో నిజాం రైలు సికింద్రాబాద్ వైపు నుంచి బెజవాడ చేరింది. కటక్ వైపు తూర్పు తీరపు లైన్ 1893-96 మధ్య పడింది. మద్రాసుకు కలిసింది 1899లో. గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో తెరుచుకుంది. కాజీపేట-బల్లార్షా ముక్క 1929లో పూర్తయ్యాకే ఢిల్లీ-మద్రాసు దారి ఇటు తిరిగింది. ముక్క ముక్కగా వేసి అతికిన దారి కాబట్టే బరువంతా అతుకు దగ్గర పడుతోంది. విశాఖపట్నంలో ఇప్పటికీ చాలా బండ్లు ఇంజను అటు నుంచి ఇటు మార్చుకుని వచ్చిన ముఖానే వెనక్కి వెళ్తాయి.

ఇంత ఒత్తిడిలో ఎవరో ఒకరు ఆగాల్సిందేనని నేనూ ఒప్పుకుంటాను. నేను అడిగేది ఆ తర్వాతి ప్రశ్న.

ఎవరి టైము లెక్కలోకి వస్తుంది

ఒక బండి సరైన సమయానికి నడిచిందా లేదా అని ప్రధానంగా చూసేది అది చివరి స్టేషన్‌కు ఎప్పుడు చేరిందని. అందుకే టైంటేబుల్లో ఆఖరి స్టేషన్ ముందు బోలెడంత సమయం వదిలిపెడతారు. మీరూ చూసే ఉంటారు. పది కిలోమీటర్ల దూరానికి నలభై నిమిషాలో, గంటో రాసి ఉంటుంది. దారంతా ఆలస్యంగా నడిచిన బండి ఆ సందులో సర్దుకుని, చివర్లో రైట్ టైమ్ అనిపించుకుంటుంది.

చివరి స్టేషన్లో దిగేవాళ్లకు అది బాగానే ఉంటుంది. మధ్యలో దిగేవాళ్ల సంగతి? పాసింజరు బండిలో అందరూ మధ్యలో దిగేవాళ్లే. ఆ పెద్దావిడ అన్నవరంలో, ఆ కుర్రాడు ఇంకో రెండు స్టేషన్ల తర్వాత, ఎవరి ఊళ్లో వాళ్లు దిగిపోతారు. బండి చివరికి వెళ్లేసరికి పొద్దున్న ఎక్కినవాళ్లలో ఎంతమంది మిగులుతారు? అక్కడ తీసిన లెక్కలో మా నలభై ఏడు నిమిషాలు మాయమైపోతాయి. మేము పోగొట్టుకున్న పొద్దు ఎవరి రిజిస్టర్లోనూ ఉండదు. రిజిస్టర్లో లేనిదాని గురించి మీటింగుల్లో ఎవరు అడుగుతారు?

నా మొదటి కోరిక అందుకే చాలా చిన్నది. దీనికి కొత్త లైన్ అక్కర్లేదు, కొత్త బోగీ అక్కర్లేదు. ఆగే బండ్ల సమయపాలనను దారి మధ్యలో కొలవండి. సామర్లకోటలో, తాడేపల్లిగూడెంలో, తెనాలిలో, మహబూబాబాద్‌లో, ఎక్కడ జనం దిగుతారో అక్కడ. ఇప్పుడు ప్రతి బండి ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తోంది కదా. సమాచారం ఉంది. దాన్ని లెక్కగా చూడటమే లేదు.

జపాన్‌లో మెల్లగా వెళ్లే బండ్లు ఆగవని కాదు. 1964లో టోక్యో-ఒసాకా మధ్య షింకన్‌సెన్ అనే మహావేగపు రైలు వేసినప్పుడు దాన్ని పాత లైన్ మీదికి ఎక్కించలేదు. పాత టొకైదో లైన్ అప్పటికే నిండిపోయింది. అందుకే పక్కన పూర్తిగా వేరే లైన్ వేశారు, పాతది ఊరూరా ఆగే బండ్లకూ గూడ్సులకూ మిగిలింది. ఆ షింకన్‌సెన్ మీద కూడా అన్ని స్టేషన్లలో ఆగే కొదమా బండి, వెనక వచ్చే వేగం బండి నొజోమికి దారి ఇస్తూ స్టేషన్లలో కొన్ని నిమిషాలు నిలబడుతుంది. కానీ ఆ నిమిషాలు టైంటేబుల్లో ఉంటాయి. బండిలో ఉన్నవాడికి ముందే తెలుసు. దిగి టీ తాగి మళ్లీ ఎక్కవచ్చు. మనకు లేనిది ఆ తెలియడమే. నలభై ఏడు నిమిషాలని ముందే తెలిస్తే ఆ పూలావిడ అంతకు ముందు బండికి బయల్దేరేది, లేదా ఆ రోజుకి పూలు తక్కువ కొనేది.

మనం జపాన్ కాదు, నిజమే. వాళ్లలాగా పక్కన ఇంకో లైన్ వేయడానికి మనకు భూమి దొరకదు, డబ్బు దొరకదు అనేవాళ్లతో నేను వాదించను. కానీ టైంటేబుల్లో నిజం రాయడానికి భూసేకరణ అక్కర్లేదు.

మా తమ్ముడి మాట

ఇదంతా మా తమ్ముడితో అంటే వాడు ఒప్పుకోలేదు. వాడిది హైదరాబాద్‌లో ఉద్యోగం, అత్తవారిది విశాఖ. 2023 సంక్రాంతికి సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ మొదలైనప్పటి నుంచి వాడి ప్రయాణం ఎనిమిదిన్నర గంటలకు దిగింది.

"అన్నయ్యా, రాత్రంతా బండిలో పడుకునే బదులు పగలు కూర్చుని వెళ్తున్నాను. మామగారికి బాగాలేనప్పుడు ఆ బండే ఆదుకుంది. నీ నలభై నిమిషాల కోసం దాన్ని ఆపమంటావా?"

ఆపమనను. వాడి అవసరం నిజమైన అవసరం. ఏడు వందల కిలోమీటర్లు వెళ్లేవాడికి మూడు గంటలు మిగలడం చిన్న విషయం కాదు. పైగా ఆ బండిలో వెళ్లే ముసలివాళ్లనీ, పసిపిల్లల తల్లులనీ నేనూ చూశాను. వేగం డబ్బున్నవాళ్ల సరదా అని తేలిగ్గా తీసిపారేసే మాటలు నాకు నచ్చవు.

కానీ వాడు అడిగిన పద్ధతిలోనే నాకు అభ్యంతరం ఉంది. ఒక బండి నిమిషానికి ఇంకో బండి నిమిషం పోటీ అన్నట్టు అడిగాడు. వాడి బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే కంట్రోల్ రూంలో ఫోన్లు మోగుతాయి. మా బండి గంట ఆలస్యమైనా మోగవు. ఆ తేడా వేగం వల్ల రాలేదు, టికెట్ ధర వల్ల కూడా పూర్తిగా రాలేదు. ఎవరి ఆలస్యాన్ని ఆలస్యం అనాలో మనం పెట్టుకున్న వరస వల్ల వచ్చింది.

ఆ వరస మారదా అంటే, మారిన రోజులున్నాయి. 1974 వరకు మన రైళ్లలో మూడో తరగతి ఉండేది. అంతకు ముందు రైలు కంపెనీల కాలం నుంచీ ప్రయాణికుల మీద వచ్చే రాబడిలో పెద్ద వాటా ఆ మూడో తరగతి జనానిదే, సౌకర్యాలు మాత్రం అందరికంటే చివర. ఆ తరగతిని తీసేశాక కూడా రెండో తరగతిలో చెక్క బల్లలే. 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే ఆ బల్లల మీద రెండంగుళాల స్పంజు వేయించారు. దేశమంతా రాత్రిళ్లు చెక్క మీద పడుకుని వెళ్లే జనానికి వీపు కింద మెత్తదనం దొరికింది. అందుకోసం ఫస్ట్‌క్లాసును తగ్గించలేదు. ఇప్పుడు మనకది ఎంత మామూలు విషయమంటే, ఒకప్పుడు లేదంటే మా పిల్లలు నమ్మరు. అలాంటి నిర్ణయమే ఇప్పుడు టైము విషయంలో కావాలి.

డబ్బుల మాట

నాకు నిజంగా జవాబు చెప్పడం కష్టమైన వాదన ఇది. చాలాకాలం మన టికెట్ల మీద ఒక వాక్యం అచ్చేశారు: మీ ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే ఈ చార్జీ వల్ల వస్తోంది అని. మిగతాది గూడ్సు బండ్లు మోస్తున్నాయి, అందులోనూ ముఖ్యంగా బొగ్గు. ఆ రోజు మమ్మల్ని దాటిపోయిన యాభై ఎనిమిది వ్యాగన్లే మా పాసింజరు టికెట్టును చవగ్గా ఉంచుతున్నాయి. గూడ్సును ఆపి పాసింజరును పంపమనడం పాలిచ్చే గేదెను ఎండలో కట్టెయ్యడం లాంటిదని ఒక రిటైర్డ్ గార్డు గారు నాతో అన్నారు. ఆయన మాటలో బరువుంది.

అయినా రెండు సంగతులు నా మనసులో తిరుగుతున్నాయి. కోవిడ్ తర్వాత పాసింజరు బండ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చి నడిపారు. కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30 అయింది. మళ్లీ పాత చార్జీ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. దాదాపు నాలుగేళ్లు జనం ఎక్స్‌ప్రెస్ డబ్బులిచ్చారు, బండి మాత్రం ఆగుతూనే నడిచింది. అంటే మూడింతలు తీసుకున్నప్పుడు కూడా టైము ఇవ్వలేదు. కాబట్టి టైము లేకపోవడానికి చవక టికెట్టే కారణమంటే నేను నమ్మను.

రెండోది, జనం పది రూపాయలకే అతుక్కుని కూర్చున్నారని కూడా నేను అనుకోను. సీజన్ టికెట్ల మీద రోజూ వెళ్లే నలుగురైదుగురిని అడిగాను. టైముకి చేరుస్తామంటే కొంచెం పెంచినా ఇస్తామన్నారు. ఆలస్యమైన రోజు స్టేషన్ బయట ఆటోకి యాభై రూపాయలు ఇస్తున్నాం కదా అన్నాడు ఒకతను, బట్టల కొట్లో పనిచేస్తాడు. అరగంట ఆలస్యంగా వెళ్తే వాళ్ల యజమాని పూట జీతం కోస్తాడట. చార్జీ పెంచమని నేను అనడం లేదు. చార్జీ చర్చలో ఈ కోతను కూడా కలిపి చూడమంటున్నాను.

బస్సుంది కదా

ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి. ఇంక పాసింజరు బండి ఎవరికి కావాలి అనే ప్రశ్న సహజంగా వస్తుంది. మధ్యాహ్నం బండ్లలో బోగీకి పదిమంది కూడా లేకపోవడం నేను కళ్లారా చూశాను. అలాంటి బండిని ఆపి ఇంకో గూడ్సు పంపితే దేశానికి మేలేమో అని నాకే అనిపించింది. ఈ సందేహం పూర్తిగా తీరలేదు. అన్ని బండ్లనూ, అన్ని హాల్టులనూ ఇలాగే ఉంచాలని గట్టిగా చెప్పలేను.

కానీ ఆ పూలావిడను ఇదే అడిగాను, బస్సు ఫ్రీ కదా అని. "రెండు బుట్టలు బస్సులో ఎక్కడ పెడతాను బాబూ? ఒకళ్ల కాలు తగిలినా పూలు నలిగిపోతాయి" అంది. కూరగాయల మూటలు, పాలక్యాన్లు, చేపల గంపలు, మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్టు ఎక్కలేని మనిషి. వీళ్లకు రైలు తప్ప వేరే గతి లేదు. ఇంకో మాట కూడా ఉంది. బండి టైముకి రాకపోతే జనం దాన్ని వదిలేస్తారు. జనం వదిలేశాక, చూడండి ఖాళీగా నడుస్తోంది అని రద్దు చేస్తారు. ఖాళీ బోగీని చూసినప్పుడు అది ఎప్పటినుంచి ఖాళీ అయిందో, ఎందుకయిందో కూడా అడగాలి.

అన్ని వేళలా అడగను. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. ఈ రెండు పూటలా ఆగే బండ్ల వరసను ముందు వేసి, దాని చుట్టూ మిగతావి సర్దండి. ఆ పూటల్లో మెము బండ్లు, అంటే వేరే ఇంజను లేకుండా బోగీల్లోనే కరెంటు మోటార్లుండే బండ్లు వేయండి. ఇంజను లాగే పాత పాసింజరు కంటే మెము ఆగిన చోటు నుంచి చప్పున వేగం అందుకుంటుంది. స్టేషన్ స్టేషన్‌కూ రెండేసి నిమిషాలు మిగిలినా, ఇరవై స్టేషన్లకు అది ఒక సూపర్‌ఫాస్ట్‌కు దారి ఇచ్చేంత సమయం.

మూడో లైన్ ఎవరిది

విజయవాడ-గూడూరు, కాజీపేట-బల్లార్షా, కాజీపేట-విజయవాడ మార్గాల్లో మూడో లైన్ పనులు ఏళ్లుగా ముక్కలు ముక్కలుగా నడుస్తున్నాయి. ఖరగ్‌పూర్-విజయవాడ, ఇటార్సీ-విజయవాడ గూడ్సు కారిడార్లు వేస్తామని 2021 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. అవన్నీ వస్తే సమస్య తీరిపోతుందని చాలామంది అంటారు. నాకు ఆశ ఉంది, భయమూ ఉంది. ఆగే బండికి ఇంత చోటు అని ఇప్పుడే రాసి పెట్టకపోతే, కొత్తగా దొరికిన ప్రతి నిమిషాన్నీ కొత్త వేగం బండ్లూ గూడ్సులూ తీసేసుకుంటాయి. లైన్లు మూడయ్యాక కూడా ఆమె బుట్టలు లూప్‌లోనే ఉంటాయి.

ఇంకొకటి చెప్పక తప్పదు. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ-పలాస పాసింజరును వెనక నుంచి విశాఖ-రాయగడ పాసింజరు గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. రెండూ ఆగే బండ్లే. బండ్లు గుద్దుకోకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్ అనే ఏర్పాటు ఆ దారిలో లేదు. మాటిమాటికీ ఆగుతూ, నిలబడుతూ వెళ్లే బండి వెనక నుంచి వచ్చే ప్రమాదానికి అందరికంటే ఎక్కువసేపు ఎదురుగా ఉంటుంది. కవచ్‌ను ముందు ఏ దారుల్లో పెట్టాలని చూసేటప్పుడు బండ్ల గరిష్ఠ వేగంతో పాటు ఇది కూడా చూడాలని నా మనవి. ఆ రోజు పోయినవాళ్లు సాయంత్రం ఇళ్లకు వెళ్తున్నవాళ్లు.

చివరికి మా బండి కదిలింది. అన్నవరంలో దిగేటప్పటికి ఎండ ముదిరింది. నేను ఒక బుట్ట పట్టుకున్నాను, వంతెన మెట్లు ఎక్కి దిగాం. కొండ కిందికి షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు గోనె తీసి చూసుకుంది. చామంతులు బాగానే ఉన్నాయి, కనకాంబరాలు వడిలాయి.

"ఫోన్లో చూసి చెప్పు బాబూ, రేపు మన బండి ఇక్కడికి ఎన్నింటికి వస్తుంది?" అంది.

చూసి, టైంటేబుల్లో ఉన్న సమయం చెప్పాను.

"అది నాకూ తెలుసు. నిజంగా ఎన్నింటికి వస్తుంది?"